నీ గోరు నొక్కాను

చెల్లీ సునీతా,

కాప్రాలో స్కూటర్ మీంచి పడ్డాక నువ్వు కళ్లు తెరవలేదు. ఇది చదవవని తెలిసే, ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను.

ఈ ఉదయం డాక్టరు నిన్ను పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. నువ్వు పలకలేదు. పెన్నుతో నీ వేలిగోరు నొక్కితే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కున్నావు. నీకు నొప్పి పుట్టినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

“మంచిదే. కానీ పిలిస్తే కూడా కళ్లు తెరవాలమ్మా,” అన్నాడాయన.

ఆయన వెళ్లగానే ఆ గోరు నేనూ నొక్కాను. నువ్వు కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాను. నర్సు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఏందక్కా గిట్ల చేస్తున్నరు? ఆమెకు నొప్పి పెడ్తది గదా.”

“పెట్టాలనే,” అన్నాను.

నీ గోరు కమిలిపోయింది. దాని మీద ఊదుతూ, ఇంకొక్కసారి నొక్కనా అని నిన్నే అడుగుతున్నాను.