మంచులో ఎర్రటి కల్లం

నాన్నా,

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరమేంటని అడుగుతావు. ఫోన్లో అయితే మొదటి మాటకే అమ్మ లాక్కుంటుంది, రెండో మాటకి ఏడుస్తుంది. ఇది నువ్వొక్కడివే కళ్ళజోడు పెట్టుకుని చదవాలి.

ఆదివారం ఊళ్ళో నాకు సన్మానం పెట్టావట. బడి ముందు కట్టిన ఫ్లెక్సీ ఫొటో మన ట్రాక్టరు సిలార్ మామ పంపాడు. మిర్చి పొలాల్లోంచి విమానం కెప్టెన్ అయిన మొదటి ఆడపిల్లనని రాయించావు. అది చూసి గర్వపడాల్సిందాన్ని, కూర్చుని ఏడ్చాను. అది విప్పించెయ్యి. నేను రావడం లేదు.

మొన్న పొద్దున హైదరాబాదు నుంచి మన ఊరి పక్క రన్‌వేకి వచ్చాను. చిన్న విమానం. వెనక నలుగురు మిర్చి వ్యాపారులు, పక్కన మా కో-పైలట్, పొన్నూరు కుర్రాడు వాసిం. కింద అంతా మంచు. రన్‌వే కనబడనప్పుడు మేం కళ్ళని నమ్మి దిగం నాన్నా. ఎదురుగా ఉన్న మీటర్లలో ముళ్ళు చూసుకుంటూ, అవి ఎటు జరిగితే అటు సరిచేసుకుంటూ ఒక ఎత్తు దాకా వస్తాం. ఆ ఎత్తులో రన్‌వే కనబడితే దిగాలి. లేదంటే మారుమాట లేకుండా పైకి లేపెయ్యాలి. మా బ్యాచ్‌లో అందులో ఫస్టు నేనే.

ముందు రోజు ఫోన్లో నువ్వేమన్నావో గుర్తుందా? "కల్లం నిండా మిరపకాయ పోశానే. పైనుంచి కనపడుద్దేమో చూడు" అన్నావు. మన కల్లానికి రన్‌వే ఎటు వైపో, ఎంత దూరమో నన్ను నిద్రలో అడిగినా చెబుతాను. ఇంతలో మంచు సందులోంచి ఎర్రగా కనబడింది. అదుగో మన కల్లం అనుకున్నాను. అంతే, ముళ్ళు వదిలేశాను. నా ఊరు, నా నేల, నాకు ముల్లు చెప్పేదేంటి అనిపించింది. ఆ ఎరుపును పట్టుకుని పక్కకి తిప్పాను. ఆగాల్సిన ఎత్తు కూడా దాటి దిగిపోయాను.

"మేడం, ఎత్తు చూడండి. రన్‌వే లేదు, లేపండి" అని వాసిం గట్టిగా అన్నాడు. లేపేశాను. మంచులోంచి తాటిచెట్ల తలలు మా కిందుగా పోయాయి నాన్నా. వాటిని ఇంకా మర్చిపోలేకపోతున్నాను. రెండోసారి ముళ్ళ మీదే వచ్చి సవ్యంగా దించాను. వ్యాపారులు దిగుతూ "బాగా తెచ్చావమ్మా" అన్నారు. ఆ మెప్పు మింగుడుపడలేదు.

ఆ రోజే కంపెనీకి జరిగింది జరిగినట్టు చెప్పాను. మళ్ళీ పరీక్ష పెట్టేదాకా విమానం ఎక్కొద్దన్నారు. ఆ పరీక్షకి వెళ్ళదలచుకోలేదు. ఆఫీసులో ఏదైనా పని ఇమ్మని అడుగుతాను. సొంత ఊరిని చూసి మోసపోయినదాన్ని నమ్మి ఇంకొకరు వెనక ఎలా కూర్చుంటారు?

అమ్మకి నువ్వే ఎలాగోలా చెప్పు.

నీ
జ్యోతి


జ్యోతమ్మా,

నేనొక్కడినే చదవాలన్నావు. చదివాను. తర్వాత మీ అమ్మ చదివింది. ఆదివారం ఊరంతా విన్నది. తిట్టుకో, కానీ ముందు ఇది చివరిదాకా చదువు.

సన్మానం ఆపలేదు. నువ్వు లేకుండానే చేశాను. మైకు పట్టుకుంటే మీ అమ్మ చొక్కా లాగింది. "పిల్ల తప్పు చేసిందని ఎవరన్నా మైకులో చెబుతారా? కూర్చోవయ్యా" అంది. నేను కూర్చోలేదు, నీ ఉత్తరం మొత్తం చదివాను. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది గుర్తుందా అని అందరినీ అడిగాను. ఎవరికి గుర్తుండదు? తోట చచ్చిందని కళ్ళెదుట కనబడుతున్నా మందు మీద మందు కొట్టాం. పక్కవాడు ఆపలేదని మనమూ ఆపలేదు.

"దున్నెయ్ రా చెంచయ్యా అని మా బావ మొత్తుకుంటే నేను విన్నానా? మీరెవరన్నా విన్నారా? మా పిల్ల వింది. పక్కనున్న మనిషి తప్పన్న మరుక్షణం లేపేసింది. ఎవరూ అడక్కముందే పోయి నాదే తప్పని చెప్పింది. కెప్టెన్ అయినందుక్కాదు, ఇందుకు ఏస్తన్నా ఈ దండ" అన్నాను. తీరా ఫ్లెక్సీకి వెయ్యబోతే, బతికున్న పిల్ల ఫొటోకి దండేంటని మీ అమ్మ విరుచుకుపడింది. సరేనని ఆమె మెడలోనే వేశాను. ఇంటికొచ్చి అన్నం తినేదాకా తియ్యలేదు మహాతల్లి.

ఇంకో మాట. ఆ పొద్దున నువ్వు చూసింది మన కల్లం కాదు. మంచు పడుతుంటే కాయ మీద కప్పిన పట్టా తీస్తామా ఎక్కడన్నా? తేమ తగిలి రంగు పోతే మిర్చి యార్డులో ఎవడు ముట్టుకుంటాడు? ఎండ బాగా ఎక్కాక గానీ తియ్యలేదు. అప్పటిదాకా మన కాయంతా నల్ల పట్టాల కిందే ఉంది. నువ్వు చూసిన ఎరుపు ఇటుక బట్టీదో, ఇంకెవరి ఇంటి పెంకుదో నాకు తెలియదు. ఇది నీకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు ఆ పట్టాలు నాతోపాటు కప్పినదానివే. మమ్మల్ని చూడాలన్న ఆశ నువ్వు అది మరిచిపోయేలా చేసింది.

చూడమన్నది నేనే కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇకమీద నువ్వు మమ్మల్ని చూడొద్దు. నీ ముళ్ళు నువ్వు చూసుకో. చప్పుడు వినబడగానే మేమే తలెత్తి నిన్ను చూస్తాం.

పరీక్షకి వెళ్ళు. ఫ్లెక్సీ విప్పను.

మీ నాన్న
చెంచయ్య


నాన్నా, అమ్మా,

పరీక్ష పాసయ్యాను. ఉత్తరం మైకులో చదివినందుకు నాన్న మీద కోపం అలాగే ఉంది. అమ్మ మెడలో దండ ఫొటో మాత్రం నా బ్యాగులో ఉంది.

నిన్న పొద్దున మళ్ళీ మన రన్‌వేకే వచ్చాను. మళ్ళీ అదే మంచు, పక్కన అదే వాసిం. దిగుతుంటే ఎడమ వైపు కంటి చివర ఎర్రగా ఏదో తగిలింది. గుండె అటు లాగింది, అబద్ధమెందుకు. కళ్ళు ముళ్ళ మీదే ఉంచాను. "రన్‌వే కనబడింది మేడం" అని వాసిం అన్నాకే తలెత్తాను. తిన్నగా ముందే ఉంది.

మన ఊరి మీదుగానే వచ్చాను. నేను చూడలేదు నాన్నా. మీరు చూశారా?

మీ కెప్టెన్
నాగజ్యోతి