నీళ్లు బురదగా ఉన్నాయట

టిడ్‌మోర్ ఎరల కొట్టు,
అలబామా,
ఏప్రిల్ మధ్య, 1991

ప్రియమైన నెల్డాకు,

నీ వెర్లన్ బోలెడు ప్రేమతోనూ, అంతకు రెట్టింపు విసుగుతోనూ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మ, నేను, కొట్టు క్షేమం. నువ్వు ఆ ఎడారి డేరా ఆసుపత్రిలో వేళకు తిని, దొరికినంత నిద్రపోయి, క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. యుద్ధం అయిపోయిందని టీవీలో బాజాలు వాయించి మరీ చెప్పారు. అయిపోయినప్పుడు నర్సులను ఇంటికి పంపకుండా అక్కడ ఏం చేయిస్తున్నారో ఆ పెద్దమనుషులకే తెలియాలి.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. కొట్టు పైకప్పు కారడం ఆగింది. నేను బాగుచేసి కాదు, వానలు ఆగి. వరండా కటకటాలకు రంగు వేయలేదు, వేస్తానని మాట కూడా ఇవ్వను. చర్చివాళ్లు ప్రతి ఆదివారం నీ కోసం ప్రార్థన చేసి, ఆ తర్వాత నా మీద జాలిపడి చికెన్ క్యాసరోల్ ఇచ్చి పంపుతున్నారు. ఫ్రిజ్ తలుపు తీస్తే అవే గిన్నెలు. ఇక మీ అమ్మ చేపలకు వెళ్తోందా అని అడిగావు. వెళ్తోంది. నా ప్రాణం తోడేస్తోంది. తన చేత్తో రెండు ముక్కలు ఎందుకు రాయడం లేదని కూడా అడిగావు. గాలం గుచ్చుకున్న బొటనవేలు ఇన్నాళ్లా మానదా అన్నావు. ఆ సంగతికి వస్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు గాలం దారం చుట్టే రీళ్ల గొడవ విను. బొటనవేలి కింద చక్రం తిరిగే రీలు తప్ప మీ అమ్మ ఇంకోటి ముట్టదని నీకు తెలుసు. ఎర నీళ్లను తాకే క్షణం చూసి వేలితో చక్రాన్ని అదమాలి. ఆలస్యమైతే దారమంతా పిచ్చుక గూడు అవుతుంది. మన పెళ్లైన కొత్తలో నా రీలు అలా చిక్కుపడితే మీ అమ్మ గట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు నేను చచ్చినా మరచిపోను. అలాంటి మనిషి చలికాలంలో ఒకరోజు గూడు కట్టిన రీలు తెచ్చి నా ముందు పెట్టి, ఇది పాడైంది, ఇంకోటి ఇమ్మంది. ఇచ్చాను. అదీ గూడు కట్టుకుని తిరిగొచ్చింది. విప్పి చూస్తే లోపల ఏ లోపమూ లేదు. సాయంత్రమంతా పిన్నీసుతో చిక్కులు తీస్తూ కూర్చున్నాను. మూడోదీ అంతే. తయారుచేసినవాళ్లకు చేతకాదట, అమ్మేవాడికి బుద్ధి లేదట. కొట్టు నిండా జనం ఉండగా అంది.

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? గోడకు వేలాడుతున్న పిల్లల రీలు తీసుకుంది. దారం డబ్బాలో దాక్కుని ఉంటుందే, మీట నొక్కి విసిరితే చాలు, చిక్కుపడమన్నా పడదు, అది. ఆకుపచ్చ రంగు. ఎవరికని అడిగితే, “నాకే. అభ్యంతరమా?” అంది. పెద్దవాళ్లెవరైనా ఆ రీలు పట్టుకుంటే మీ అమ్మ ఇన్నేళ్లూ ఎన్నెన్ని మాటలు అనేదో నీకు నేను గుర్తుచేయాలా?

ఇక ఎరలు. ఇప్పుడు బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి గట్టు పక్కకు వచ్చే రోజులు. వానలు లేక ఈసారి నీళ్లు తేటపడ్డాయి. ఇలాంటప్పుడు చిన్న రబ్బరు వానపామును మెల్లగా అడుగున ఈడ్చాలని, దారం వణికే వణుకు చూసి లాగాలని, తెల్లవారుజామున అయితే పైన తేలే ఎర వేసి చేప ఎగిరి పట్టేది చూడాలని నాకు నేర్పింది ఎవరు? మీ అమ్మే. ఆవిడే తన వానపాములన్నీ, తేలే ఎరలన్నీ ఒక అట్టపెట్టెలో పోసి చర్చి అమ్మకానికి ఇచ్చేసింది. ఆ పసుపు కళ్ల కప్ప ఎర కూడా పోయింది, దాన్ని నేను అడిగినా ఇచ్చేది కాదు. వాటి బదులు నల్ల కుచ్చుకు చెంచా అంత గుండ్రటి రేకు ఉన్నది ఒకటి, కడుపులో గుండ్లు గలగలమనేది ఒకటి పట్టుకుంది. రేకు తిరిగితే గాలం కర్ర పిడి దాకా దడదడ తెలుస్తుంది. అవి వరద నీళ్లలో వాడే ఎరలు, నీకూ తెలుసు.

“అత్తయ్యా, నీళ్లు గాజులా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు ఏరుకోవచ్చు. ఆ నల్లదాన్ని చూస్తే చేపలు పక్క జిల్లాకి పోతాయి,” అన్నాను.

“నీళ్లు బురదగా ఉన్నాయి,” అంది.

చెయ్యి పట్టుకుని రేవు చివరిదాకా తీసుకెళ్లి చూపించాను. వంగింది, చూసింది, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి, “బురదే,” అంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. దగ్గర్లో గోడ లేదు.

సరే, తన పిచ్చి తనకు ఆనందం అనుకుందామా అంటే, రోజూ కొట్లో కుర్చీ వేసుకుని కూర్చుని వచ్చిన ప్రతివాడికీ నీళ్లు బురదగా ఉన్నాయని చెప్పి నల్లవే కొనిపించింది. మంగలి డెవిట్ క్రంప్ షాపు మూసేసి చేపలే లోకంగా బతుకుతున్నాడు కదా, అతనికి మీ అమ్మ అంటే ‘ఒజెల్లా గారు’, ఆవిడ చెప్పిందంటే ఇక తిరుగులేదు. వారమంతా నల్లరేకు విసిరి విసిరి, భుజం నొప్పితో వచ్చి దాన్ని నా బల్ల మీద పడేశాడు. “మీ అత్తగారి మీద గౌరవం కొద్దీ అడుగుతున్నా వెర్లన్, ఆవిడ నా మీద ఏమైనా కోపంగా ఉందా?” అన్నాడు. అన్నిటికంటే మంట ఏంటంటే, అదే నల్లరేకుతో మీ అమ్మ మాత్రం మధ్యమధ్యలో ఒక చేప తెస్తూనే ఉంది. చేప ఎక్కడ పడుకుంటుందో ఆవిడకు ఒంట్లోనే తెలుసు. తెచ్చి నా మొహం ముందు ఆడించేది, చూశావా అన్నట్టు.

ఇప్పటిదాకా రాసింది నవ్వుకోవడానికి. ఇక్కడి నుంచి కూర్చుని చదువు.

పోయిన నెల మొదట్లో ఒక మధ్యాహ్నం ఐసు మిషన్ మళ్లీ మొరాయించింది. రేవు పక్కన నిలబడి దాన్ని తన్నుతూ, దాన్ని అమ్మినవాణ్ణి, వాడి వంశాన్ని గొంతెత్తి తిడుతున్నాను. ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదిరిపోతున్నాయి. మీ అమ్మ పడవ పాయ మధ్యలో కాలితో తిప్పే చిన్న మోటారు మీద మెల్లగా తిరుగుతోంది. చేతిలో గాలం కర్ర లేదు. చేపల కోసం వెతుకుతోంది కాబోలనుకున్నాను. నేను తిడుతుండగా పడవ ముక్కు నా వైపు తిరిగి వస్తోంది. పానా కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి పడవ ఆగి, ముక్కు అవతల నీళ్లలో ఉన్న చెట్టు మొద్దుల వైపు మళ్లింది. నేను మళ్లీ తిట్లు అందుకున్నాను. పడవ మళ్లీ నా వైపు తిరిగింది. మాట ఆపి చూశాను, అదీ ఆగింది.

ఆవిడ నా గొంతు విని దారి పట్టుకుంటోంది. చిక్కుపడ్డ రీళ్లు, ఇచ్చేసిన వానపాములు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆవిడకు దారం కనిపించదు, తేలే ఎర కనిపించదు, ఎర ఎక్కడ నీళ్లను తాకిందో కనిపించదు. చేతికి తెలిసేవి, చెవికి వినిపించేవి మాత్రమే మిగుల్చుకుంది. నీళ్లు బురదగా ఉన్నాయని మీ అమ్మ నాతో మొండిగా వాదించలేదు నెల్డా, తనకు కనిపించింది చెప్పింది. నేను రేవు చివరికి లాక్కెళ్లి మరీ చూపించాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అప్పుడు ఏం చేయాలో తోచక, ఆ ఐసు మిషన్‌నే మళ్లీ మొదటి నుంచి తిట్టాను. పడవ వచ్చి రేవుకు కట్టిన టైర్లకు ఆనేదాకా ఆపలేదు. తాడు అందుకున్నాను. “మధ్యలో ఎందుకాపావు?” అంది, తప్పు నాదే అయినట్టు.

“ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?” అన్నాను.

ఆవిడ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. “నెల్డా వెళ్లకముందు నుంచే. దేన్ని చూస్తే దాని మధ్యలో మసక. అంచులు బాగానే ఉంటాయి. ఇప్పుడు నీ చెవులు కనిపిస్తున్నాయి అల్లుడూ, మొహం లేదు. పెద్ద నష్టమేం కాదులే.”

నర్సునై ఉండి కనిపెట్టలేకపోయానే అని నువ్వు కుమిలిపోకు. నీ దగ్గర దాచడానికే ఆవిడ ఎక్కువ కష్టపడింది. నువ్వు బస్సు ఎక్కే రోజు నీ మొహం సరిగ్గా చూడలేకపోయిందట, అందుకే నీ చెంపలు అన్నిసార్లు తడిమిందట. ఇది కూడా ఆ రోజే చెప్పింది. నీకు రాయొద్దని మాట తీసుకుంది. “అక్కడ అది కళ్లు పోయినవాళ్లకి కట్లు కడుతూ ఉంటుంది. నా కళ్లు కూడా దాని నెత్తిన పెడితే దాని చెయ్యి వణుకుతుంది. రాయకు,” అంది. ఆ మాట కోసమే పోయిన ఉత్తరంలో గాలం, బొటనవేలు అని కథ అల్లాను. అబద్ధం నెల్డా. నర్సుకు అబద్ధం చెప్పేటప్పుడు తొందరగా మానే గాయాన్ని ఎంచుకోకూడదని ఇప్పుడు తెలిసింది.

హంట్స్‌విల్‌లో కంటి డాక్టరుకు చూపించడానికి ఒప్పించాను. ఒప్పించడానికి నా గొంతు పోయింది. మధ్యలో పోయిన చూపు తిరిగి రాదన్నాడు ఆయన. అంచులు మాత్రం ఉండవచ్చట. మీ అమ్మ ఆయన మాట మర్యాదగా విని, కారులో కూర్చున్నాక, ఆ అబ్బాయి చేతులు చల్లగా ఉన్నాయి, బాస్ పట్టే చేతులు కావు అంది.

ఇప్పుడు నాకున్న బాధ ఇది. పడవ లాగేసుకోవాలా, వద్దా? పెద్ద మోటారుకు పెట్రోలు గొట్టం తీసేసి, కంపెనీ నుంచి కొత్తది రావాలని చెప్పాను. “నీ సొరుగులో ఉన్నదే కదా, ఎండిపోకుండా చూసుకో,” అంది. లైఫ్ జాకెట్ వేసుకోకపోతే తాడు విప్పనన్నాను, గొణుక్కుంటూ వేసుకుంటోంది. మన పాయ దాటి వెళ్లనని ఒప్పుకుంది, ఇంతవరకు మాట మీదే ఉంది. ఇంట్లో మాత్రం కుర్చీల వీపులు పట్టుకుని నడుస్తోంది. ఉప్పు డబ్బా కోసం చేత్తో వెతుకుతుంటే నేను చూడనట్టు అటు తిరుగుతున్నాను. పడవలో కూర్చుందా, మళ్లీ పాత ఒజెల్లానే. పడవ తీసేస్తే ఆ రోజు నుంచి కుర్చీలోంచి లేవదని భయం. తీయకపోతే ఏ మొద్దుకో గుద్దుకుని నీళ్లలో పడుతుందని భయం. నువ్వు కూతురివి, పైగా నర్సువి. నువ్వు ఏది చెబితే అది చేస్తాను, నీ జవాబు వచ్చేదాకా నాకు తోచింది చేస్తున్నాను.

నాకు తోచింది ఏంటంటే, రోజూ మధ్యాహ్నం ఆవిడ తిరిగొచ్చే వేళకు రేవు చివర నిలబడి గొంతెత్తి సణగడం. పిలిస్తే ఒప్పుకోదు. గంట కడతానంటే, నేనేమన్నా ఆవునా అంది. కాబట్టి తిడతాను. ఐసు మిషన్, పైకప్పు, టీవీలో బాజాలు, డెవిట్ క్రంప్ అరువు, అన్నీ అయ్యాయి. ఆవిడ నా గొంతు పట్టుకుని నేరుగా టైర్ల దగ్గరికి వస్తుంది, వచ్చి తాడు విసురుతుంది. ఈ ఏర్పాటు గురించి ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. నీ భర్తకు మతి చెడింది, రేవు మీద గాలితో పోట్లాడుతున్నాడని నీకు ఎవరైనా రాస్తే నమ్మకు.

నిన్న తిట్టడానికి ఏమీ దొరకలేదు. పడవ ఇంకా దూరంగా ఉంది, నా దగ్గర మాటలు అయిపోయాయి. నోటికి వచ్చింది మొదలుపెట్టాను. నువ్వు లేని ఇల్లు నాకు చేతకావడం లేదన్నాను. నీ వైపు దుప్పటి రోజూ నేనే సర్దుతున్నానని, టపా బండి వచ్చే వేళకు కొట్లో ఎవరున్నా వదిలేసి బయటికి పరుగెత్తుతున్నానని, మీ అమ్మ నా చేతుల్లో ఉండగా ఏమైనా అయితే నీకు మొహం ఎలా చూపించాలని, నాకు భయంగా ఉందని, నువ్వు త్వరగా రావాలని, ఇంకా ఏవేవో అన్నాను. ఎంతసేపు అన్నానో తెలియదు. కిందకు చూస్తే పడవ ఎప్పుడో వచ్చి టైర్లకు ఆని ఉంది. మీ అమ్మ తాడు విసరలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చుని అంతా వింది.

“ఇది రాయి దానికి,” అంది.

నేను వంగి తాడు అందుకున్నాను.

“నా కళ్ల సంగతి కూడా రాసెయ్యి. లేకపోతే నువ్వు రేవు మీద నిలబడి ఎందుకు అరుస్తున్నావో దానికి అర్థం కాదు,” అని చెయ్యి పైకి చాచింది, నేను పట్టుకుని రేవు మీదికి ఎక్కించాను.

ఇట్లు,
ఈ రోజూ సాయంత్రం గొంతు బొంగురుపోయిన
నీ భర్త,
వెర్లన్