రేగడి బక్కెట్లు

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. విరుదునగర్ నుంచి ఫైరింజన్ వచ్చేలోపే నీ టపాసుల షెడ్డు కాలిపోయింది కదా, అందుకే ఇప్పుడు మంటలార్పడానికి ఊరివాళ్లమే ఒక దళంగా కూడాం. నేనూ చేరాను. టపాసుల మందు మీద నీళ్లు పోస్తే ఇంకా రేగుతుందని, ఇసుక దొరక్క, చేలోని నల్లరేగడి మట్టినే బక్కెట్లకెత్తి ప్రతి షెడ్డు ముందూ పెట్టాం.

నిన్న పొద్దున చెల్లమ్మత్త షెడ్డు అంటుకుంది. బక్కెట్ బోర్లిస్తే పిడికెడు మట్టి కూడా రాలలేదు. ఆమధ్య వానకు తడిసి, ఎండకు రాయిలా బిగుసుకుపోయింది. అందరం సేద్యం చేసే ఇళ్లలో పుట్టినవాళ్లమే, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. మేము ఆ బక్కెట్‌ను నేలకేసి కొడుతుండగానే అత్త చేతులు కాలాయి. ఆసుపత్రిలో ఉంది.

సాయంత్రం బక్కెట్లన్నీ చూసి వచ్చాను. అన్నీ రాళ్లే. కాలడానికేమీ మిగలని నీ షెడ్డు ముందు, నాయిన పట్టుబట్టి పెట్టించిన బక్కెట్‌లో మాత్రం చెయ్యి మణికట్టు దాకా దిగింది.

"ఇదొకటే మెత్తగా ఎట్లుంది నాయినా?" అని అడిగాను.

"దినామూ కెలుకుతాండానమ్మా," అన్నాడు. "వాని చేతికి మన్ను అందాల గదా."

అక్క