ఇనుప లివరు వద్దన్నాను

నాన్నా, బొటనవేళ్ల వాపు తప్ప నేను క్షేమం!

నిన్న సైకిల్ పందెం ఇంకో పది నిమిషాల్లో మొదలవుతుందనగా మా జట్టు రైడర్ ఫెమ్కె టైరు పంక్చరైంది. బిగుసుకుపోయి ఊడిరాదు. పెద్ద మెకానిక్ యోరిస్ టైరు పెకలించడానికి ఇనుప లివరు ఇచ్చాడు.

"వద్దండీ, కార్బన్ రిమ్ము చెడిపోతుంది" అన్నాను.

"ఆ ప్లాస్టిక్ ముక్కలతో ఏం ఊడదీస్తావే? ఆలస్యమైతే నీ ఉద్యోగం ఊడుతుంది!"

నా ప్లాస్టిక్ లివర్లు రెండూ దూర్చి ఊడదీశాను. కొత్త ట్యూబు పెట్టి టైరు ఎక్కించేటప్పుడు లివరు తగిలితే ట్యూబు నలుగుతుందని, నువ్వు నేర్పినట్టే టైరు అంచుని రిమ్ము గాడిలోకి నొక్కి, బొటనవేళ్లతోనే నెట్టాను. ఫెమ్కె గెలిచింది నాన్నా! యోరిస్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. ఉద్యోగం ఖాయమైంది!

అమ్మ మోకాలు ఎలా ఉంది? నా ఉన్ని చేతితొడుగులు పంపించు. బామ్మకి ముద్దులు. ఆదివారం గెంట్ పందెం టీవీలో చూడండి, సైకిళ్ల వెనకే వచ్చే మా జట్టు మొదటి కారు వెనకసీట్లో నేనే ఉంటాను!

నీ లీసెలోట్