కనుమ దగ్గర ఏడు నిమిషాలు

జనవరి 24

ఆస్పత్రి. కుడి కాలికి ఆపరేషన్ అయింది. అన్నయ్యను నిన్న సమాధి చేశారట, నేను లేకుండానే.

రెండు కొండల మధ్య కనుమ దాకా స్కీలతో ఎక్కడం గుర్తుంది. తర్వాత నోటి నిండా మంచు. మధ్యలో ఏమీ లేదు.

జనవరి 26

పోలీసాయన వచ్చి కుర్దీన్ స్టేట్‌మెంట్ చదివాడు. ఆ రోజు మాతో ఉన్న మూడో మనిషి కుర్దీనే, అన్నయ్య స్నేహితుడు. మంచు జారి పూడ్చేస్తే మా ఇద్దరినీ తవ్వి తీసింది అతనే. "ఎడమ వాలులోకి ముందు దిగింది యాఖెన్. మేం వెనకే వెళ్లాం" అన్నాడట.

యాఖెన్ మా అన్నయ్య. పాతికేళ్లుగా ఈ ఎంగడిన్ కొండల్లో తిరిగిన మనిషి. గాలికి కొట్టుకొచ్చిన మంచు ఉత్తరపు వాలుల్లో పేరుకుంది, జారొచ్చు అని ఆ పొద్దున బులెటిన్ చదివి మమ్మల్ని హెచ్చరించిందే ఆయన. ఎడమ వాలు ఉత్తరం వైపుదే. ఆయనే అటు తీసుకెళ్లాడా?

పోయినవాడి మీదికి నెట్టేయడం ఎంత సులువు.

జనవరి 31

డిశ్చార్జ్. మా ఇంటి మెట్లు ఎక్కలేనని లడీనా వదిన తన దగ్గరే ఉంచుకుంది.

పోలీసులు అన్నయ్య వాచీ తిరిగిచ్చారు. మేం వెళ్లిన దారంతా అందులో గీతలా ఉంది. కనుమ దగ్గర ఏడు నిమిషాలు ఆగాం. ఆ తర్వాత గీత కొండ గట్టు మీదుగా పోలేదు. ఎడమకు, నిటారు వాలులోకి దిగింది. గట్టు దారి ముప్పావుగంట ఎక్కువ, కానీ అక్కడ మంచు జారదు.

ఏడు నిమిషాలు ఏం మాట్లాడుకున్నాం? కుర్దీనే తొందరపెట్టి ఉంటాడు.

ఫిబ్రవరి 3

కుర్దీన్ వాల్‌నట్ కేకు తెచ్చాడు. కనుమ దగ్గర ఏం చేశామని అడిగాను.

"టీ తాగాం" అన్నాడు.

"ఇంకా?"

"ఇంకేముంటుంది ఫ్లూరీనా? టీకి ఏడు నిమిషాలు పట్టదా?"

నా వైపు చూడలేదు. వదిన వైపు చూశాడు. వదిన స్టవ్ వైపు తిరిగింది.

కేకు ముట్టలేదు.

ఫిబ్రవరి 4

వాళ్లిద్దరూ ఏదో దాస్తున్నారు.

ఫిబ్రవరి 9

వదిన వంటింట్లో ఫోన్లో గుసగుసలాడుతోంది. "ఇప్పుడే చూపించకు. ముందు దాని కాలు నయం కానీ" అంటోంది. నన్ను చూసి పెట్టేసింది. ఎవరన్నాను. డెయిరీ వాళ్లంది.

డెయిరీ వాళ్లకి నా కాలితో ఏం పని?

ఫిబ్రవరి 13

చంకకర్రలతో కుర్దీన్ వడ్రంగి షాపుకు వెళ్లాను. "ఎక్కిన ప్రతి కొండ మీదా వీడియో తీసే రోగం నీకు. ఆ రోజుది ఏదీ?" అన్నాను.

"నీకెందుకే అదంతా!" అని అరిచాడు. నేను కదలకపోయేసరికి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "చూసి నన్ను తిట్టు. నిన్ను నువ్వు మాత్రం తిట్టుకోకు."

నలభై సెకన్లు. గాలి హోరు. వాలు మీద ఎవరివో పాత స్కీ జాడలు, సగం పూడిపోయి. అన్నయ్య వాటినే చూస్తున్నాడు. "గట్టు మీంచే పోదామా? ఏమంటారు?" అని అడిగాడు. కుర్దీన్ పలకలేదు. కెమెరా నా వైపు తిరిగింది.

"చలికి చచ్చిపోతున్నా అన్నయ్యా. అదుగో, ఎవరో దిగారుగా! పద, ఇటే పోదాం" అన్నాను. నేనే. నవ్వుతూ.

అన్నయ్య నన్ను చూశాడు. తన గ్లౌజులు విప్పి నాకిచ్చాడు. ఎడమకు తిరిగాడు.

ముగ్గురం ఒకేసారి దిగామట. మంచు మీద బరువు పడకుండా ఒక్కొక్కరే దిగాలని ఇక్కడ బడిపిల్లలకి కూడా తెలుసు.

"గట్టు దారే మంచిదని నాకూ అనిపించింది. నోరు విప్పలేదు" అన్నాడు కుర్దీన్. మరి పోలీసులకు ఎందుకివ్వలేదన్నాను. "నీ పేరు రానివ్వొద్దని మీ వదిన అడిగింది."

ఫిబ్రవరి 14

వదిన బార్లీ సూప్ తెచ్చింది. వీడియో ఎప్పుడు చూశావని అడిగాను.

"సమాధి చేసిన రోజు పొద్దున" అంది. "తాగు, చల్లారిపోతుంది."

అంటే అన్నీ తెలిసే ఇన్నాళ్లూ నా కాలికి కట్టు మార్చింది. నేనేమో ఆమె ఫోన్ మాటలు చెవులు రిక్కించి విన్నాను.

ఫిబ్రవరి 16

స్టేషన్‌కు వెళ్లి వీడియో ఇచ్చాను. నేనన్న మాటలు నా పేరు మీదే రాయమన్నాను. పాత జాడలు, ఒకేసారి దిగడం, ఎవరూ కాదనకపోవడం, అన్నీ పోలీసాయన టైప్ చేశాడు. చలి దగ్గర ఆగాడు. "చలేసిందన్నది కారణం కాదు కదండీ. ఎక్కడ పెట్టను?" అన్నాడు.

ఎక్కడో ఒకచోట పెట్టమన్నాను.

ఫిబ్రవరి 20

రిపోర్టు కాపీ వచ్చింది. నా చలిని 'వాతావరణం' కింద పెట్టారు.