అండి, ఒరేయ్

కడియం, 1894

ఒరేయ్ చంద్రం,

మన గేదెగారు ఈనారు. "కాలు తియ్యండమ్మా" అని బతిమాలితే గాని పాలివ్వలేదు. దూడకీ అండి అంటాను, కన్నకొడుకుని మాత్రం ఒరేయ్ అంటానని మీ అమ్మ దెప్పుతోంది. నోరారా అలా పిలుచుకోవడానికి నువ్వొక్కడివే గదరా ఉన్నావు. జున్ను వండించి మంగళవారం కాలవ పడవలో నేనే తెస్తాను. నీతో చదివే పిల్లలకీ పెట్టు.

ఇట్లు, మీ నాన్న బుల్లియ్య

రాజమహేంద్రవరం

ప్రియమైన నాన్నగారికి నమస్కరించి,

జున్ను బాగుంది. పాఠం జరుగుతోందని గుమ్మంలోనే గిన్నె అందుకుని లోపలికి వెళ్లిపోయాను, ఏమీ అనుకోకండి. కానీ మీరు జట్కా గుర్రంతో "తమరు కాస్త పక్కకి జరగండి" అన్నారు. మిడిలు స్కూలంతా విన్నది. ఇప్పుడు నేను కనబడితే చాలు, పిల్లలు బల్లలనీ సిరాబుడ్లనీ "కులాసాగా ఉన్నారా అండి?" అని పలకరిస్తున్నారు. తలెత్తుకోలేకపోతున్నాను. ఇకమీదట బడికి రాకండి. సెలవులకి నేనే వస్తాను.

విధేయుడు, చంద్రరావు

కడియం

చంద్రరావు గారికి నమస్కారాలండి.

మీరు చెప్పినట్టే బడికి రానండి. ఆ రోజు ఖాళీ గిన్నె పట్టుకెళదామని గోడ పక్కనే నిలబడ్డానండి. "ఎవర్రా ఆయన?" అని ఎవరో కుర్రాడు అడిగితే, "మా ఊరాయన, కొంచెం తిక్క" అన్నారు తమరు. ఊళ్లోవాళ్లని నేనెవరినీ ఒరేయ్ అననండి. అందుకని ఇలా రాశాను. పొరపాటైతే మన్నించండి.

ఇట్లు, మీ ఊరాయన

రాజమహేంద్రవరం

నాన్నా,

మీ ఉత్తరంలో 'అండి' వచ్చినప్పుడల్లా చెంప చెళ్లుమంది. 'మా ఊరాయన' అన్న నోటితోనే మీ జున్ను తిన్నాను. పాపిష్ఠివాణ్ణి. ఇప్పుడు అన్నం తినబుద్ధి కావడం లేదు.

నిన్న తరగతిలో లేచి నిలబడి, ఆయన మా నాన్న అని చెప్పేశాను. నవ్వారు. సాయంత్రం జట్కా గుర్రం అడ్డొస్తే, అందరూ చూస్తుండగానే "జరగండి" అన్నాను. జరిగింది.

గిన్నె నా దగ్గరే ఉంది. మీరే వచ్చి పట్టుకెళ్లండి. తిట్టండి, కొట్టండి. నన్ను 'మీరు' అని మాత్రం అనకండి నాన్నా.

మీ చంద్రం

కడియం

ఒరేయ్ వెధవా,

గుర్రం 'జరిగింది' ఏంట్రా? 'జరిగారు' అనాలి. అన్నం మానకు. గిన్నె కడిగి పెట్టు, ఆదివారం పడవలో వస్తున్నాను.

మీ నాన్న