నీ పటం ముందు దీపం

ఏమయ్యా,

నిన్ను తీసుకుపోయిన ఊపిరితిత్తుల పొర క్యాన్సరే ఇప్పుడు నీ తమ్ముడికీ వచ్చింది. మీరిద్దరూ సిమెంటు రేకులు కోసినప్పటి దుమ్మేనట. హైదరాబాదులో ముందు ఏదో మందెక్కించి, ఛాతీ తెరిచి గడ్డ తీసి, మిగిలింది చావడానికి లోపల ఎర్రటి వెలుగు వేశారు. వెలుగుకు క్యాన్సర్ చస్తుందా?

"మా ఆయనప్పుడు ఈ వెలుగు యాడబోయింది సార్?" అని డాక్టరును అడిగాను.

"అప్పుడు మా దగ్గర లేదమ్మా" అన్నాడు.

ఏమో!

ఆ మందు ఒంట్లో ఉన్నన్నాళ్ళూ ఎండ తగిలితే ఒళ్ళు కాలుతుందట. మార్కాపురం తీసుకొచ్చి, కిటికీలకు గొంగళ్ళు కట్టి పడుకోబెట్టాను. నీ పటం ఆ గదిలోనే ఉంది.

ఈరోజు నువ్వు పోయిన రోజు. "చిన్న దీపానికి ఏం కాదని డాక్టరే చెప్పినాడు, పెట్టు వదినా" అన్నాడు నీ తమ్ముడు.

నీకూ ఏం కాదనే చెప్పారు. దీపం పెట్టలేదు.